అడుగుతున్న రేటు వేరు, అమ్ముడుపోయే రేటు వేరు

ప్రశ్న: నమస్తే అండీ. ఈమధ్యే పాత నాణేలు కలెక్ట్ చేయడం మొదలుపెట్టాను. ఒకాయన పెద్ద వెండి నాణెం చూపించాడు, ముందు ముసుగేసుకున్న రాణి, వెనకాల రెండు తలల గద్ద, 1780 అని ఉంది. అంత పాతది, కేటలాగ్ రేటులో సగానికే ఇస్తా అంటున్నాడు. తీసుకోవచ్చా? అసలు రేటు కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది ఆస్ట్రియాని ఏలిన మరియా థెరిసా బొమ్మతో ఉన్న థాలర్ అనే వెండి నాణెం. ఆవిడ 1780లో పోయింది, అప్పట్నించీ అదే సంవత్సరం వేసి వియన్నా, లండన్, పారిస్, రోమ్, చివరికి బొంబాయి మింట్‌లో కూడా కొట్టారు, కోట్లలో ఉన్నాయి. అందుకని 1780 అని ఉందంటే అప్పటిదే అని కాదు. నిజంగా అప్పుడు కొట్టినవీ ఉంటాయి కానీ రాణి బ్రూచ్‌లో ముత్యాలు, గద్ద తోక ఈకలు లాంటి చిన్న చిన్న తేడాలు చూసి పట్టుకోవాలి, పాతదే అంటున్నాడుగా, అది చూపించే పని ఆయనదే.

మామూలు రీస్ట్రైక్, అంటే పాత సంవత్సరమే వేసి తర్వాత కొట్టింది అయితే లెక్క ఈజీ. బరువు 28.07 గ్రాములు, అందులో వెండి 23.39 గ్రాములు, ఆ రోజు వెండి రేటుతో గుణిస్తే కనీస విలువ వచ్చేస్తుంది, దానిపైన కొంచెం ఇవ్వొచ్చు, అంతకుమించి వద్దు. అంచు చుట్టూ లాటిన్ అక్షరాలు ఉండాలి, వాటి బదులు సన్నటి అతుకు గీత కనిపిస్తే పోత పోసిన నకిలీ, పెట్టేసి వచ్చేయండి.

ఇక కేటలాగ్‌లో సగం అన్నాడు కదా, ఏ గ్రేడ్ రేటులో సగం అని అడగండి, గ్రేడ్ అంటే నాణెం ఎంత అరగకుండా ఉందో చెప్పే అంకె. 1949లో వచ్చిన షెల్డన్ స్కేల్‌లో 1 నుంచి 70 దాకా గ్రేడ్లుంటాయి, కొన్ని నాణేలకి 64కీ 65కీ మధ్యే రేటు ఎన్నో రెట్లు మారిపోతుంది, అరిగిన నాణేనికి కొత్తదాని రేటు చూపించి సగం తగ్గించాననడం పాత ఎత్తే. పైగా కేటలాగ్ అచ్చయి చేతికొచ్చేసరికి మార్కెట్ మారిపోయి ఉంటుంది. ఆన్‌లైన్‌లో జనం పెట్టిన రేట్లయితే అసలు చూడకండి, ఎవరి ఆశ వాళ్లది. వేలం సంస్థల పాత రికార్డుల్లో అదే నాణెం అదే గ్రేడ్‌లో ఎంతకి పోయిందో ఒక నాలుగైదు చూడండి, ఒక్కటే చూస్తే లాభం లేదు, ఇద్దరు పంతానికి పోయినా రేటు ఎక్కడికో వెళ్తుంది. వేలంలో సుత్తి పడిన రేటు, అంటే చివరి పాట మీద కొనేవాడి కమిషన్ 20 శాతం, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది, ఆ రికార్డులో అది కలిపారో లేదో చూసుకోండి.

ఇంకో చిట్కా, "ఇదే నేను మీకు అమ్మితే ఎంతిస్తారు" అని అడిగి చూడండి. చెప్పే రేటు కంటే ఆయన మొహం ఎక్కువ చెప్తుంది.

ప్రశ్న: నల్లబడ్డ వెండి నాణెం పాలిష్ చేయిస్తే రేటు పెరుగుతుందా?

జవాబు: తగ్గుతుంది, బాగా తగ్గుతుంది. అసలు మెరుపున్న నాణేన్ని లైటు కింద మెల్లగా వంచితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది, తోమినదానిమీద ఆ కదలిక ఉండదు, సన్నటి గీతలే కనిపిస్తాయి. అలాగే ఉంచేయండి, కొనేటప్పుడు కూడా తళతళలాడేదాన్నే ముందు అనుమానించండి.