టైమింగ్ బెల్ట్: చూసి బాగుందంటే సరిపోతుందా?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2011 ఇన్నోవా డీజిల్ బండిని టాక్సీగా తిప్పుతున్నాను. 2,30,000 కిలోమీటర్లు దాటింది. టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు లేదు. మెకానిక్ కవర్ విప్పి చూసి ‘బాగానే ఉంది’ అంటున్నాడు. ఆగవచ్చా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆగకండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) తిరుగుడుకు తగ్గట్టు క్యామ్‌ను (వాల్వులు తెరిచే షాఫ్టును) తిప్పే రబ్బరు పట్టీయే టైమింగ్ బెల్ట్. బిల్లు లేదంటే బెల్ట్ మార్చలేదనే లెక్క. పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే, కానీ కనిపించనంత మాత్రాన బాగున్నట్టు కాదు. రబ్బరు లోపలి దారాలు అలసిపోవడం కంటికి ఆనదు. తెగితే పిస్టన్లు వాల్వులకు తగులుతాయి, ఇంజిన్ పైభాగం (హెడ్) విప్పక తప్పదు. డాష్‌బోర్డులోని టీ-బెల్ట్ లైటు కిలోమీటర్లను గుర్తుచేసేదే, బెల్ట్‌ను పరీక్షించదు. పాత యజమాని దాన్ని ఊరికే రీసెట్ చేసి ఉండొచ్చు. పైగా మేడారం జాతర ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని గంటలకొద్దీ నిలబడితే బెల్ట్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు.

బెల్ట్ ఒక్కటే కాదు, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ బేరింగ్, బిగుతుగా ఉంచే టెన్షనర్ కూడా కొత్తవి వేయించండి. పాత బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టూ పోతుంది. క్యామ్ సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) దగ్గర ఆయిల్ చెమ్మ ఉంటే దాన్నీ అప్పుడే మార్చాలి, ఆయిల్ తగిలిన రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బిగించాక స్టార్ట్ చేసే ముందు క్రాంక్‌ను స్పానర్‌తో, ఇంజిన్ తిరిగే దిశలోనే, రెండు పూర్తి చుట్లు తిప్పించండి. పుల్లీల మీది టైమింగ్ గుర్తులు మళ్లీ కలవాలి. మధ్యలో గట్టిగా తగిలితే బలవంతం చేయనివ్వకండి, బెల్ట్ పన్ను (పల్లు) తప్పి కూర్చుందన్నమాట. చివరగా లైటు రీసెట్ చేయించి, తేదీ, కిలోమీటర్లు కవర్ మీద రాయించండి.

తర్వాత వచ్చిన ఇన్నోవా క్రిస్టా డీజిల్‌కు ఈ బెల్ట్ ఉండదు, చైన్ ఉంటుంది.