చెరువు గట్టు మీది చిరునామా

ప్రశ్న: రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాల కోసం ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేశాను. రైతు తన పరికరం హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో దాని పేరు) గానీ ఐపీ అడ్రస్ (అంకెల చిరునామా) గానీ నమోదు చేస్తే మా సర్వర్ దాని నుంచి లెక్కలు తెచ్చుకుంటుంది. రెజెక్స్‌తో (అక్షరాల నమూనాను సరిచూసే సూత్రంతో) సరిచూస్తున్నా 192.168.1.300 వంటి చెల్లని ఐపీలు హోస్ట్‌నేమ్‌గా చెల్లిపోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: 1989 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1123 హోస్ట్‌నేమ్ అంకెతో మొదలుకావడానికి అనుమతించింది కనుక, అక్షరాలనూ అంకెలనూ హైఫన్‌నూ మాత్రమే చూసే నియమానికి ఆ అంకెల వరుస కూడా పేరులాగే కనిపిస్తుంది. చివరి భాగమంతా అంకెలే అయితే దానిని ఐపీగానే పరిగణించి, ఐపీ పరీక్షలో నెగ్గకపోతే తిరస్కరించండి. పేరులో ఒక్కో భాగం 63 అక్షరాలు, మొత్తం 253 దాటకూడదు. ఏ భాగమూ హైఫన్‌తో మొదలవకూడదు, ముగియకూడదు. ఐపీకి మాత్రం సొంత రెజెక్స్ వద్దు. పైథాన్‌లోని ఐపీఅడ్రెస్ వంటి సిద్ధంగా ఉన్న మాడ్యూల్ వాడండి. ముందు సున్నా ఉన్న 010ను కొన్ని ప్రోగ్రాములు 10గానూ, కొన్ని 8గానూ చదువుతాయి కనుక అటువంటివి అంగీకరించకండి.

మీరు అడగకపోయినా అసలు ప్రమాదం వేరే ఉంది. 127.0.0.1 రూపంలో నిక్షేపంగా ఉంటుంది, కానీ అది మీ సర్వర్‌నే చూపుతుంది. ఎవరైనా తమ హోస్ట్‌నేమ్‌ను దానికే మళ్లించవచ్చు. అందువల్ల డీఎన్‌ఎస్ (పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) ఇచ్చిన ప్రతి అడ్రస్‌నూ ఇలాంటిది కాదని పరీక్షించి, పరీక్షించిన ఆ అడ్రస్‌కే కనెక్ట్ కావాలి. డీఎన్‌ఎస్‌ను మళ్లీ అడిగితే జవాబు మారిపోవచ్చు. సర్వర్ క్లౌడ్‌లో ఉంటే రైతు ఇంటి రౌటర్ వెనుకనున్న 192.168 అడ్రస్‌లు దానికి ఎలాగూ అందవు కనుక, గట్టు మీది పరికరమే సర్వర్‌కు లెక్కలు పంపేలా మార్చడం నా దృష్టిలో మేలు.