కవరులో చుక్కలు ఎందుకు?

ప్రశ్న: పాలిథిన్ కవరును వెలుతురుకు ఎత్తి చూస్తే సన్నని గింజల్లాంటి చుక్కలు కనిపిస్తాయి. దీనికి పాలిథిన్ తయారీలో చర్యను వేగవంతం చేసే ఉత్ప్రేరకపు రేణువుల పరిమాణం కారణమా?

జవాబు: అదీ ఒక కారణమే; తగినంత కరగని పాలిమరు (చిన్న అణువులు గొలుసులా కలిసి ఏర్పడే పాలిథిన్ లాంటి పదార్థం), ఎక్కువ వేడికి పాడైన పాలిమరు కూడా ఇలాంటి చుక్కలనే మిగులుస్తాయి. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ కనుగొన్న ఉత్ప్రేరకాల నుంచి వృద్ధి చెందిన నేటి ఘన ఉత్ప్రేరకాలలో ప్రతి రేణువూ, తనలో పెరుగుతున్న పాలిమరు ఒత్తిడికి లోపల ముక్కలవుతూనే, తన ఆకారాన్ని నిలుపుకొని పెద్దదవుతుంది. 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) రేణువు వ్యాసంలో 20 రెట్లు పెరిగితే 800 మైక్రాన్ల పలుకు, అంటే ఇంచుమించు బొంబాయి రవ్వ పలుకంత అవుతుంది. ఘనపరిమాణమైతే 8,000 రెట్లు పెరిగినట్లు.

రేణువు మరీ పెద్దదైతే లోపలి వేడి త్వరగా బయటికి పోక, పాలిమరు మెత్తబడి ఉండలు కట్టవచ్చు. ఉత్ప్రేరకానికి ఆధారంగా వాడే సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) సరిగా పగలకపోతే, ఆ ముక్కలు పలుచని ఫిల్ములో చుక్కలుగా మిగలవచ్చు. మరీ సన్నని పొడి, వాయు స్థితిలో నడిచే రియాక్టరులో (చర్య జరిగే పాత్రలో) స్థిరవిద్యుత్తు వల్ల గోడకు అంటుకొని, అక్కడే చర్య సాగి, వేడెక్కి పలకగా గడ్డకడుతుంది. అందువల్ల సగటు పరిమాణం కన్నా రేణువులన్నీ దాదాపు సమానంగా ఉండటమే ముఖ్యమని నా అభిప్రాయం.