జూన్‌లో కాదమ్మా, ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

మీ క్యాథలిక్ బడికి న్యూజెర్సీ రాష్ట్రం ఇచ్చే సాయం పెంచమని అడగడానికి తల్లిదండ్రులను కూడగట్టి రాజధాని ట్రెంటన్ తీసుకెళ్తానన్నావు. మంచిదే. బస్సు మాట్లాడే ముందు, ఏం అడగబోతున్నావో ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టు. "క్యాథలిక్ బడులకు నిధులు ఇవ్వండి" అని వస్తే ఆ కాగితం చించెయ్. ఆ మాటకు తలూపని శాసనసభ్యుడు ఉండడు, దాంతో ఒక్క డాలరూ రాదు. బడ్జెట్‌లో ఫలానా పద్దు, తలకు ఇన్ని డాలర్లు అని అడిగితేనే అది పని.

గుంటూరులోనో నెల్లూరులోనో ఎయిడెడ్ బడి చూసి పెరిగినవాళ్లు ఇక్కడే మొదట తడబడతారు. అక్కడ ఎయిడెడ్ పోస్టులో ఉన్న టీచరుకు జీతం సర్కారు ఇచ్చేది. సాయం ఇచ్చేటప్పుడు మైనారిటీ సంస్థలని వివక్ష చూపకూడదని రాజ్యాంగం 30వ అధికరణే చెబుతుంది. న్యూజెర్సీలో టీచర్ల జీతాల మాట ఎత్తావంటే ఆ మీటింగ్ అక్కడితో సరి. ఇక్కడ సాయం పిల్లకు, బడికి కాదు. ఈ విషయం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఎవర్సన్ కేసు మీ రాష్ట్రానిదే. ఈవింగ్ టౌన్‌షిప్‌లో క్యాథలిక్ బడులకు వెళ్లే పిల్లల బస్సు చార్జీలు తల్లిదండ్రులకు తిరిగివ్వడం తప్పుకాదని 1947లో 5–4 తేడాతో తీర్పు వచ్చింది. బస్సు, లౌకిక పాఠ్యపుస్తకం, నర్సు, కంప్యూటర్, కాపలా, ఇలా పిల్లకు నేరుగా అందే సేవ అయితే దారి ఉంది. అడగడం ఆ గీత లోపలే అడగాలి.

డబ్బు వచ్చే దారి కూడా తెలిసుండాలి. రాష్ట్రం మీ బడికి చెక్కు రాయదు. మీ బడి ఉన్న ఊరి పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌కు, అంటే అక్కడి సర్కారు బడులను నడిపే సంస్థకు పంపుతుంది. వాళ్లు కొని మీకు వాడుకోనిస్తారు, లేదా సేవ ఏర్పాటు చేస్తారు. పుస్తకాలు, పరికరాలు వాళ్ల ఆస్తిగానే ఉంటాయి. చదువులో వెనకబడ్డవాళ్లకు అదనపు బోధన, ఇంగ్లీషు సాయం, మాట సరిదిద్దే తర్ఫీదు 1977 నాటి 192, 193 చట్టాల కింద వస్తాయి. వాటికి తల్లిదండ్రులు 407-1 ఫారం సంతకం చేసివ్వాలి. ఆ సంతకం లేక ఆగిపోయే సేవలు చాలా. అడిగే హక్కు గురించి ఆవేశంగా మాట్లాడే తల్లిదండ్రులే ఫారం బ్యాగులో మర్చిపోతుంటారు!

కాపలా పద్దు, అంటే బడి భద్రత కోసం ఇచ్చే డబ్బు సంగతి విడిగా చెప్తాను, ఎందుకంటే తల్లిదండ్రుల ఒత్తిడి పనిచేసిందని చూపించడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. 2016లో చట్టం వచ్చినప్పుడు తలకు 75 డాలర్లని రాసుకున్నారు. 2019 జనవరిలో అది 150 అయింది. తర్వాత బడ్జెట్ల మీదుగా 205కు చేరింది. 240 మంది పిల్లలున్న బడికి లెక్క వేసుకో, 49,200 డాలర్లు. తలకు పది డాలర్లు పెంచమని అడిగితే ఆ బడికి అదనంగా వచ్చేది 2,400. ఆ డబ్బుతో గేటు దగ్గర కెమెరా వస్తుందా, వెనక తలుపుకు కొత్త తాళం వస్తుందా, గార్డుకు ఎన్ని గంటలు పెరుగుతాయి, ఇవన్నీ ప్రిన్సిపల్ సిస్టర్ గారిని అడిగి ముందే తెలుసుకో. సభ్యుడికి గుర్తుండేది ఆ తాళమే, శాతాలు కాదు.

అంతకంటే ముందు ఇంకో లెక్క చూడు. పోయిన ఏడాది వచ్చిన సాయంలో మీ బడి ఎంత ఖర్చుపెట్టింది, ఎంత వదిలేసింది? వాడని డబ్బు రాష్ట్రానికి తిరిగిపోతుంది. ఆర్డర్లు ఆలస్యంగా పెట్టడం, డిస్ట్రిక్ట్ వాళ్లు అడిగిన కొటేషన్ పంపకపోవడం, ఇవే సాధారణంగా జరిగే పొరపాట్లు. ఇంకా పెంచమని నువ్వు అడుగుతుంటే, "ఇచ్చిందే మిగుల్చుకున్నారు కదమ్మా" అని అవతలివాళ్లు కాగితం తీస్తే నీ దగ్గర సమాధానం ఉండదు. వదిలేసింది ఎక్కువుంటే ఈ ఏడాది ట్రెంటన్ మానుకుని ముందు ఆర్డర్లు సరిచేయించు.

ఇక తేదీలు. రాష్ట్ర ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది, కాబట్టి జూన్ 30 లోపు బడ్జెట్ సంతకం కావాలి. గవర్నర్ బడ్జెట్ ప్రసంగం ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో ఉంటుంది. ఆ తర్వాత రెండు సభల బడ్జెట్ కమిటీలు ప్రజల వాదన వింటాయి, ఏప్రిల్, మే నెలల్లో శాఖల వారీగా అధికారులను ప్రశ్నిస్తాయి. సభ్యులు అదనంగా డబ్బు కావాలంటే బడ్జెట్ రిజల్యూషన్ అని ఒకటి పెట్టాలి. నువ్వు కోరుకునేది మీ సభ్యుడు ఆ కాగితం మీద పేరు పెట్టడం. జూన్ రెండో వారం దాటాక బేరాలన్నీ నాయకుల గదుల్లోనే. అప్పుడు బస్సు వేసుకుని వెళ్తే ఫొటోలు వస్తాయి, అంతే.

రాష్ట్రంలో 40 నియోజకవర్గాలు. ఒక్కోదానికి ఒక సెనేటర్, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు. మీ బడి పిల్లలు నాలుగైదు ఊళ్ల నుంచి వస్తారు కాబట్టి తల్లిదండ్రుల ఊరు, నియోజకవర్గం, ముగ్గురు సభ్యుల పేర్లు ఒక షీట్‌లో వేసుకో. ఎవరి సభ్యుడికి వాళ్లే రాయాలి. ఆఫీసులో ఉత్తరం తీసినవాడు మొదట చూసేది చిరునామా. తన ఊరివాళ్లు కాకపోతే పక్కన పడేస్తాడు. వాట్సాప్‌లో ఒకే నమూనా పంపి అందరిచేత అతికించి పంపించకు. అలాంటివి వందొచ్చినా ఒక్కటిగానే లెక్కవేస్తారు. ఉత్తరం పేజీ దాటకూడదు: నేను ఫలానా ఊరివాణ్ని, నా పాప మూడో తరగతి, కాపలా పద్దు ఇంతనుంచి ఇంతకు పెంచాలి, పెంచితే మా బడిలో ఇది జరుగుతుంది, మీరు రిజల్యూషన్ పెడతారా?

సభ సోమ, గురువారాల్లో జరుగుతుంటుంది. మిగతా రోజుల్లో సభ్యులు సొంత ఊళ్లో దొరుకుతారు, చాలామందికి వేరే ఉద్యోగం కూడా ఉంటుంది. కాబట్టి ట్రెంటన్ కంటే వాళ్ల ఊరి ఆఫీసులో కలవడం మేలు. నలుగురైదుగురు చాలు. సభ్యుడి బదులు ఆఫీసు సిబ్బంది కూర్చుంటే చిన్నబుచ్చుకోకు, ఫైలు కదిలించేది వాళ్లే. పబ్లిక్ స్కూళ్లను ఒక్క మాట అనకు, ఆ బడుల్లో చదివే పిల్లలూ ఆయన ఓటర్ల పిల్లలే. గర్భస్రావం, ఎన్నికలు లాంటి వేరే విషయాలు ఎవరైనా ఎత్తితే ఆ మాట అక్కడే ఆపు. యూదుల బడుల తల్లిదండ్రులు, ముస్లిం బడులవాళ్లు ఇవే పద్దుల కోసం తిరుగుతుంటారు. యూదులు ఈ విషయంలో మనకంటే చాలా ముందున్నారు. వాళ్లతో కలిసి వెళ్తే అడిగే మాటకు బరువొస్తుంది. మేత్రాణుల (బిషప్పుల) తరఫున ట్రెంటన్‌లో పనిచేసే న్యూజెర్సీ క్యాథలిక్ కాన్ఫరెన్స్‌కు కూడా ముందే చెప్పు. వాళ్లు ఒక అంకె అంటుండగా నువ్వు ఇంకో అంకె అన్నావంటే ఇద్దరిదీ పోతుంది.

కమిటీ ముందు మాట్లాడే అవకాశం వస్తే మూడు నిమిషాలనుకో. మన ఉచ్చారణకు నిదానంగా చదవాలి కాబట్టి 300 పదాలు మించకుండా రాసుకో. అధ్యక్షుడు మధ్యలో కుదించమంటే పనికొచ్చేలా ఒక నిమిషం ముక్క విడిగా పెట్టుకో. మాట్లాడటానికి భయపడేవాళ్లు "అనుకూలం, మాట్లాడనవసరం లేదు" అని చీటీ ఇచ్చినా లెక్కకొస్తుంది.

నువ్వు హెచ్-1బి మీద ఉన్నావు కదా, ఇది జాగ్రత్తగా చదువు. ఓటు లేకపోయినా ఉత్తరం రాయొచ్చు, సభ్యుణ్ని కలవొచ్చు, కమిటీలో మాట్లాడొచ్చు. కానీ ఏ అభ్యర్థికీ డబ్బివ్వకూడదు. సభ్యుడి విందుకు టికెట్ కొనడం కూడా విరాళమే. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. మన తెలుగువాళ్లు మొహమాటానికి టికెట్లు కొనేస్తారు, వాట్సాప్ గ్రూపులో ఈ మాట గట్టిగా చెప్పు. అలాగే ఫాదర్ గారు పూజలో ఒక బిల్లుకు మద్దతుగా ఫోన్లు చేయమనొచ్చుగానీ ఫలానావారికి ఓటెయ్యమని అనకూడదు. అలా అంటే మీ చర్చికున్న పన్ను మినహాయింపుకే ముప్పు రావచ్చు.

స్కాలర్‌షిప్ విరాళాలకు పన్ను రాయితీ పక్క పెన్సిల్వేనియాలో 2001 నుంచి ఉంది, మీకు లేదు. 2025 ఫెడరల్ చట్టం ప్రకారం 2027 నుంచి దాతకు 1,700 డాలర్ల దాకా పన్ను తగ్గుతుంది. అయితే అందులో చేరాలా వద్దా అన్నది ఒక్కో రాష్ట్రం తేల్చుకోవాలి. అది అడగాల్సింది గవర్నర్‌ను. కాపలా పద్దు ఉత్తరంలో దీన్ని కలపొద్దు.

బస్సు సంగతి మాత్రం ఎవరినీ బతిమాలక్కర్లేదు, అది చట్టంలో ఉన్నదే. ఎనిమిదో తరగతి దాకా ఇల్లు బడికి 2 మైళ్లకు పైన, హైస్కూలుకు 2.5 మైళ్లకు పైన ఉండాలి, బడి 20 మైళ్లు దాటకూడదు. బస్సు ఖర్చు రాష్ట్రం పెట్టిన పరిమితి దాటితే, ఆ పరిమితి మేరకు డబ్బు తల్లిదండ్రులకే ఇస్తారు, వెయ్యి డాలర్లకు కాస్త పైన. దీనికి పెట్టే బి6టి ఫారం మార్చి 15 లోపు మీ ఇల్లున్న ఊరి డిస్ట్రిక్ట్‌కు చేరాలి, కాబట్టి ఫిబ్రవరిలోనే బడి ఆఫీసులో ఇచ్చెయ్. ఇద్దరు పిల్లలుంటే రెండు ఫారాలు.

ఆ సభ్యుడికి రాయబోయే ఉత్తరం చిత్తుప్రతి నాకు పంపు, అంకెలు సరిచూసి పంపిస్తాను.

మీ పెదనాన్న