సన్నాయి ఎవరిదిరా అని అడిగారు నాన్న

జాజ్ సాక్సఫోన్‌ని చర్చి పాటలతోనో హిందుస్తానీతోనో కలిపి యూరప్‌లో చేసిన రికార్డులు నిజంగా వినేలా ఉంటాయా, పేరుకే ఫ్యూజనా అని మీరు అడిగారు. ఉంటాయి. కాకపోతే సాక్సఫోన్ వాయించే మనిషికి ఆగడం తెలిసుండాలి. అది తెలియకపోతే ఎంత విద్వత్తు ఉన్నా దండగే.

మేం జర్మనీలో ఉన్నప్పుడు ఒక చలికాలం అమ్మా నాన్నా వచ్చారు. నాలుగున్నరకే చీకటి. నాన్నకి పొద్దుపోయేది కాదు. ఆయనది ఒంగోలు పక్క పల్లె, కరవది షేక్ చిన మౌలానా గారి నాదస్వరం అంటే ప్రాణం. ఒకరోజు సాయంత్రం వంటింట్లో కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తున్నారు. నేను లైబ్రరీ నుంచి తెచ్చిన సీడీ పెట్టాను. నలుగురు మగవాళ్లు లాటిన్‌లో మెల్లగా పాడుతున్నారు. ఆ గొంతుల మీదికి సాక్సఫోన్ వచ్చింది. నాన్న చెయ్యి ఆగిపోయింది.

"ఏరా, ఆ సన్నాయి ఎవరిది?"

నార్వే ఆయనది, యాన్ గార్బరెక్ అని చెప్పాను. ఆ ఆల్బమ్ పేరు 'ఆఫీసియుమ్'. పాడింది ఇంగ్లండ్ వాళ్లు, హిలియర్డ్ ఆన్సాంబుల్ అనే బృందం. 1993లో ఆస్ట్రియా కొండల్లో సాంక్ట్ గెరోల్ట్ అనే మఠంలో రికార్డు చేశారు, ఆ మరుసటి ఏడు ఈసీఎమ్ అనే రికార్డుల సంస్థ విడుదల చేసింది. మొదటి పాట 16వ శతాబ్దపు స్పెయిన్ స్వరకర్త మొరాలెస్‌ది. గాయకుల ముందు నొటేషన్ ఉంది, గార్బరెక్ మాత్రం అక్కడికక్కడే అల్లుకుంటూ పోయాడు.

అదే పాట ఆల్బమ్‌లో మూడుసార్లు వస్తుంది. మధ్యలో, ఎనిమిదోదిగా వచ్చినప్పుడు సాక్సఫోన్ ఉండదు, గొంతులే. అప్పటికి బీన్స్ అయిపోయి నాన్న కొత్తిమీర కట్ట ముందేసుకున్నారు. కాసేపు విని తలెత్తి, "ఇందాకటి పాటే కదా, సన్నాయాయన రాలేదేం?" అన్నారు. జాజ్ అన్న మాటే ఎరగని మనిషికి ఆ లోటు తెలిసిపోయింది. ఇంతకంటే రుజువేం కావాలి?

ఆ నలుగురూ సన్నాయి పక్కన శ్రుతి పట్టేవాళ్లలా నిలబడతారు. వాళ్ల స్వరం రాతి గోడలకి తగిలి తిరిగొచ్చేదాకా గార్బరెక్ ఆగుతాడు. ఆ తోకని పట్టుకుని మొదలుపెడతాడు. వాళ్లు కదిలితే ఈయన ఒకే స్వరం మీద నిలుస్తాడు.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక ఫ్యూజన్ కచేరీకి వెళ్లాను. సాక్సఫోన్, వయొలిన్, తబలా, కీబోర్డు అన్నీ మొదటి నిమిషం నుంచే మోత. ఎవరు ఎక్కువ స్పీడో తేల్చుకునే పోటీ, దానికి చప్పట్లు. పైగా మైకు దగ్గర కూర్చున్నాయన అన్నిటికీ ఎకో తగిలించాడు. ఎకో అంటే అది కాదండీ! నాకు తలనొప్పి వచ్చి సగంలోనే లేచి వచ్చేశాను. మనవాళ్లకి చేయి లేక కాదు, ఖాళీ వదిలితే జనం లేచిపోతారేమోనన్న టెన్షన్. ఆ భయం పోనంతకాలం మన ఫ్యూజన్ బాగుపడదు.

మీకు హిందుస్తానీ అలవాటుంటే గార్బరెక్‌దే 1992లో వచ్చిన 'రాగాస్ అండ్ సాగాస్' వినండి, పాకిస్తాన్ గాయకుడు ఉస్తాద్ ఫతే అలీ ఖాన్‌తో చేసింది. ఆలాపన వెనకాల సాక్సఫోన్ నడిచే చోట్లు చాలా బాగుంటాయి, తబలా ఊపందుకున్నాక నాకంత ఎక్కలేదు. 1987 నాటి 'మేకింగ్ మ్యూజిక్'లో జాకీర్ హుస్సేన్, హరిప్రసాద్ చౌరాసియా, గిటార్ వాయించే జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా ఉన్నారు. వేణువూ సాక్సఫోనూ ఒకదానికొకటి దారి ఇచ్చుకోవడం అందులో వినొచ్చు. హిలియర్డ్ వాళ్లతోనే 1999లో 'నెమోసినే' అని రెండు సీడీలు వచ్చాయి. మొదటిదానంత పట్టు దానికి లేదనే నా అభిప్రాయం.

మీరు మాత్రం 'ఆఫీసియుమ్'తోనే మొదలుపెట్టండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు. షఫుల్ ఆపేసి మొదటిది, ఎనిమిదోది, ఆఖరిది వరసగా వినండి. నాన్న ఊరెళ్లేముందు అదంతా ఫోన్‌లో ఎక్కించుకున్నారు. ఇప్పటికీ పొద్దున్నే పెట్టుకుంటారు, ఎనిమిదోది వచ్చేసరికి దాటించేస్తారు.