టౌన్‌షిప్ మీటింగుకి వెళ్ళేముందు ఆ రోడ్డు ఎవరిదో చూసుకోండి

న్యూజెర్సీలో ఇల్లు కొని ఏడాదైంది, ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం గానీ టౌన్‌షిప్‌లో (మన మున్సిపాలిటీ లాంటిది) ఎవరేం చేస్తారో తెలీదు, సిటిజన్లం కాకపోయినా మీటింగుకి వెళ్ళొచ్చా అని అడిగారు. నిక్షేపంగా వెళ్ళొచ్చు. ఓటుకి సిటిజన్‌షిప్ కావాలి గానీ మైకు దగ్గర మాట్లాడటానికి అక్కర్లేదు. నేను హెచ్‌వన్‌బీ మీద ఉన్నప్పుడే వెళ్ళాను.

మొదటిసారి మాత్రం పరువు పోయినంత పనైంది. మా వీధి చివర రోడ్డు మీద కార్లు దూసుకుపోతున్నాయి, స్పీడ్ హంప్ వేయించాలని నా పట్టుదల. రెండు రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేసి, కాగితం పట్టుకుని వెళ్ళా. మనిషికి మూడు నిమిషాలు. రెండో నిమిషంలోనే మేయరు గారు మర్యాదగా చెప్పేశారు, అది కౌంటీ (మన జిల్లా లాంటిది) రోడ్డు, మా చేతిలో లేదని. తిరిగొస్తూ చూస్తే ఐదు కోణాల నీలం బోర్డు, మీద పసుపు అక్షరాల్లో కౌంటీ పేరూ నంబరూ. రెండేళ్ళుగా దాని పక్కనుంచే ఆఫీసుకి పోతున్నా!

అందుకే ముందు మీ టాక్స్ బిల్లు తీసి చూడండి. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు 1వ తేదీలకి కట్టేదంతా టౌన్‌షిప్‌కే పోదు. వసూలు చేసేది వాళ్ళే, కానీ అందులో కౌంటీ వాటా, స్కూళ్ళ వాటా విడిగా ఉంటాయి. మా బిల్లులో సగానికి పైగా స్కూళ్ళదే. స్కూలు బస్సు గొడవ టౌన్‌షిప్ కౌన్సిల్ ముందు పెడితే లాభం లేదు, దానికి బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ వేరే ఉంది. లోకల్ రోడ్లు, పార్కులు, ఇంటి పర్మిట్లు లాంటివి టౌన్‌షిప్‌వి.

మేయరు సంగతి కూడా అన్నిచోట్లా ఒకలా ఉండదు. కొన్నిచోట్ల జనమే ఎన్నుకుంటారు. టౌన్‌షిప్ కమిటీ పద్ధతి ఉన్నచోట, మన ఎంపీటీసీలు ఎంపీపీని ఎన్నుకున్నట్టు, సభ్యులే జనవరిలో తమలో ఒకర్ని మేయరుగా కూర్చోబెడతారు.

నాకు అందరికన్నా పనికొచ్చింది టౌన్‌షిప్ క్లర్క్. గుమస్తా అనుకునేరు, ఎజెండాలు, మినిట్స్, రికార్డులు అన్నీ ఆ ఆఫీసులోనే. మన ఆర్‌టీఐ లాగా ఇక్కడ ఓప్రా (ఓపెన్ పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్) అనే చట్టం ఉంది, దాని కింద అడిగితే మామూలుగా 7 పనిదినాల్లో జవాబివ్వాలి.

ఇంకోటి. ఆర్డినెన్స్, అంటే టౌన్‌షిప్ చేసే చట్టం, ఏదైనా రెండుసార్లు ముందుకొస్తుంది. మొదట ప్రవేశపెడతారు, తర్వాతి మీటింగులో పబ్లిక్ హియరింగ్ పెట్టి ఓటేస్తారు. వాట్సాప్‌లో గోల మొదలయ్యేది రెండోదానికి, మనవాళ్ళు కట్టగట్టుకుని వెళ్ళేదీ అప్పుడే. అప్పటికి పెద్ద మార్పు చేయాలంటే మళ్ళీ నోటీసిచ్చి ఇంకో మీటింగు దాకా ఆగాలి, అందుకే ఎవరూ కదలరు. మొదటిసారి ఎజెండాలో కనబడగానే సభ్యులకి ఈమెయిల్ పెట్టండి.

పబ్లిక్ కామెంట్ (జనం మాట్లాడే సమయం) మీటింగు మొదట్లోనా, చివర్లోనా అని క్లర్క్ ఆఫీసులో ముందే కనుక్కోండి. నేను అడక్కుండా వెళ్ళి, తిండి లేకుండా రాత్రి పదిన్నర దాకా కూర్చున్నా.