రిసీట్, రసీదు: పోలిక ఉంది, చుట్టరికం లేదు

సందేహం: ఇంగ్లీషు ‘రిసీట్’ స్పెల్లింగులో పి అక్షరం ఉన్నా ఎందుకు పలకరు? మన ‘రసీదు’ దాన్నుంచే వచ్చిందా? ‘రశీదు’ అని రాస్తే తప్పా?

సమాధానం: ముందు రసీదు సంగతి చూద్దాం. అది ఇంగ్లీషు నుంచి వచ్చింది కాదు. ఫారసీలో ‘రసీదన్’ అంటే చేరుకోవడం, ‘రసీద్’ అంటే చేరింది. సొమ్ము చేరిందని రాసిచ్చే కాగితానికి అదే పేరైంది. ఫారసీ రాజభాషగా చెలామణీ అయిన కాలంలో దస్తావేజు, దరఖాస్తు వంటి కచేరీ మాటలు మనకు వచ్చాయి. రసీదూ ఆ కోవలోదే. ‘పైకం ముట్టినట్టు రసీదు’ అంటాం కదా, అందులో ‘ముట్టడం’, ‘రసీదన్’ దాదాపు ఒకే భావం.

ఉచ్చారణ కూడా ఇదే చెబుతోంది. ఇంగ్లీషు టి మన నోట ‘ట’ అవుతుంది: కోటు, నోటు, టికెట్టు. రిసీట్ మన నోట పడితే ‘రిసీటు’ కావాలి, చివర ‘దు’ రావడానికి దారే లేదు. ఫారసీ మాట చివరనున్న ‘ద్’కి ఉకారం చేరి రసీదు అయింది.

ఆ ఫారసీ మాటలో ఉన్నది ‘స’ కాబట్టి రసీదు అన్నదే మూలానికి దగ్గర. రషీద్ అనే పేరు అరబ్బీది, దాని ధాతువు వేరు. ‘రశీదు’ అచ్చులో బాగా పాతుకుపోయింది, దాన్ని చూసి కోప్పడాల్సిన పని లేదు. నేనైతే రసీదు అనే రాస్తాను, పిల్లలకూ అదే నేర్పమంటాను.

ఇక పి సంగతి. లాటిన్‌లో ‘రెకెప్టా’ అంటే పుచ్చుకున్నది. ఫ్రెంచివాళ్ల నోట అందులోని ‘ప’ అరిగిపోయింది. ఇంగ్లీషువాళ్లు 14వ శతాబ్దంలో ఆ అరిగిన రూపాన్నే తీసుకున్నారు. తర్వాత లాటిన్ బాగా చదువుకున్నవాళ్లు మూలం కనిపించాలని రాతలో పి చేర్చారు. జనం మాత్రం పాత పలుకుబడినే కొనసాగించారు. ‘డౌట్’లో బి చేరిందీ ఇలాగే. అయితే అదే కుదురుకు చెందిన ‘డిసీట్’ (మోసం), ‘కన్సీట్’ (అహంభావం) స్పెల్లింగుల్లో పి నిలవలేదు. అందుకే పిల్లలకు తికమక. ఇక్కడ సూత్రం కోసం వెతకడం వృథా, ఒక్కో మాటనూ గుర్తుపెట్టుకోవాల్సిందే. తెలుగులో రాసేటప్పుడు రిసీట్ అనండి, ‘రిసీప్ట్’ వద్దు.

అర్థం మారిన తీరు ఇంకా ఆసక్తికరం. ఇంగ్లీషులో ఈ మాటకు మొదటి అర్థం మందు తయారుచేసే విధానం. ‘రెసిపీ’ దీనికి తోబుట్టువు. లాటిన్‌లో ‘తీసుకో’ అనే ఆజ్ఞ అది, వైద్యులు మందుల చీటీ మొదట్లో రాసేవారు. ఇప్పటికీ డాక్టరు చీటీ మీద ఆర్ అక్షరం కాలికి అడ్డగీత కొట్టి కనిపించే గుర్తు దాని పొట్టి రూపమే. సొమ్ము ముట్టినట్టు ఇచ్చే చీటీ అనే అర్థం 1600 ప్రాంతంలో వచ్చింది. వంట విధానాన్ని రిసీట్ అనడం ఆ తర్వాతా చాలాకాలం సాగింది. కాబట్టి పాత ఇంగ్లీషు పుస్తకంలో ‘పుడ్డింగుకు రిసీట్’ అని కనిపిస్తే బిల్లు అనుకోకండి.

అనువాదం చేసేవాళ్లకు ఒక మాట. బడ్జెట్ లెక్కల్లో ‘రిసీట్స్’ అని బహువచనంలో వస్తే అది వచ్చిన సొమ్ము. అక్కడ రాబడులు అనో వసూళ్లు అనో రాయాలి, రసీదులు అనకూడదు.